కోడికి కాలు పడిపోతే: మారెక్స్ కణితుల్ని గుర్తించడం, పిల్లకు టీకా నిలబెట్టడం

అనపర్తి, మండపేట, తణుకు వైపు లేయర్ ఫారాల్లో పన్నెండు పద్నాలుగు వారాల గ్రోయర్లు (ఇంకా గుడ్డుకు రాని పెట్టలు) ఒక్కొక్కటే తూలిపడుతుంటాయి. భీమవరం చుట్టుపక్కల పల్లెల్లో ఆరు నెలల పుంజు ఒక కాలు ముందుకీ ఒక కాలు వెనక్కీ చాపుకుని కూలబడుతుంది. రెండు చోట్లా మొదట వినబడే మాట ‘వాతం’. నూనె మర్దనా, ఇటుక కాపడం, బి-కాంప్లెక్స్ సూది అన్నీ నడుస్తాయి. ఈలోగా పక్క గంపలో ఇంకోటి పడుతుంది. వీటిలో చాలావరకు మారెక్స్ కేసులే. హెర్పిస్ జాతి వైరస్ ఒకటి కోడి ఒంట్లోని టీ-లింఫోసైట్లను (ఒక రకం తెల్ల రక్తకణాలు) క్యాన్సర్ కణాలుగా మారుస్తుంది. ఆ కణాలు నరాల్లో, కార్జంలో, అండాశయంలో, చర్మంలో పేరుకుంటాయి. కాలు పడిపోవడం నరంలో పేరుకున్నప్పుడు కనిపించే గుర్తు మాత్రమే.

హంగరీ పశువైద్యుడు యోజెఫ్ మారెక్ 1907లో దీన్ని మొదట వర్ణించాడు, పేరు అలా వచ్చింది. 1970 ప్రాంతంలో టీకా వచ్చింది. ఏ జీవిలోనైనా ఒక క్యాన్సర్‌ను టీకాతో ఆపగలిగింది మొదట ఇక్కడే. మందు మాత్రం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. పుంజు ఎంత ఖరీదుదైనా సరే, పడిపోయాక దానిమీద పెట్టే డబ్బు వృథా. పెట్టాల్సిన ఖర్చు, చూపాల్సిన శ్రద్ధ పిల్ల గుడ్డులోంచి బయటపడ్డ మొదటి పది రోజుల్లోనే.

వైరస్ తిరిగే దారి తెలిస్తే మిగతా పని అర్థమవుతుంది. ఇది ఈక మొదళ్లలో పెరుగుతుంది. రాలే చర్మపు పొట్టుతో, ఈకల ధూళితో గాల్లో కలుస్తుంది. ఆ ధూళి పీల్చిన కోడి సుమారు రెండు వారాలకే తానూ వైరస్ వదలడం మొదలుపెట్టి, బతికినంత కాలం వదులుతూనే ఉంటుంది. షెడ్డు మూలల్లో, దూలాల మీద పేరుకున్న ధూళిలో వైరస్ నెలల తరబడి బతుకుతుంది. గుడ్డు ద్వారా మాత్రం పిల్లకు రాదు. టీకా వేసిన కోడికీ వైరస్ సోకుతుంది, అదీ వైరస్ వదులుతుంది. టీకా ఆపేది కణితినే, సోకడాన్ని కాదు. ‘టీకా వేశాం కదా, పాత కోళ్ల పక్కనే పిల్లల్ని పెట్టినా ఏం కాదు’ అనుకునేది ఈ ఒక్క విషయం తెలియకే.

మారెక్సేనా, వేరేదా?

వయసు చూడండి. మూడు నాలుగు వారాల లోపు పిల్లకు మారెక్స్ కణితులు దాదాపు ఉండవు. ఎక్కువగా కనిపించేది రెండు నెలల నుంచి ఐదు నెలల మధ్య, పెట్టల్లో గుడ్డుకొచ్చే ముందు మరీ ఎక్కువ. మంద మొత్తం ఒక్కసారి పడదు. వారానికి కొన్ని చొప్పున నెలల పాటు సాగుతుంది. మేత తింటూనే బరువు తగ్గుతుంది. రొమ్ము ఎముక చేతికి కత్తిలా తగులుతుంది. తురాయి పాలిపోతుంది. కొన్నిటికి కంటిపాప అంచు వంకర పోయి, కన్ను బూడిద రంగుకు తిరుగుతుంది. మెడ పక్క నరం పట్టుకుంటే మేత సంచి వేలాడుతుంది, కోడి నోరు తెరిచి ఊపిరి తీస్తుంది. ఈక పీకి చూస్తే ఈక మొదళ్ల చుట్టూ గట్టి గడ్డలు కనిపించే రకం కూడా ఉంది.

కాలు పడిపోయే జబ్బులు ఇంకా చాలా ఉన్నాయి. రెండు మూడు వారాల పిల్లలకు వేళ్లు లోపలికి ముడుచుకుపోతే అది బి2 విటమిన్ లోపం. నరం అందులోనూ ఉబ్బుతుంది కాబట్టి నరం ఒక్కదాన్నే చూసి మోసపోవద్దు. విటమిన్ పడితే తొందరగా పట్టినవి తేరుకుంటాయి. మెడ తిప్పుతూ, పచ్చ రెట్ట వేస్తూ, దగ్గుతూ ఉంటే కొక్కెర తెగులును ముందు అనుమానించాలి. బోనులో ఉండి గుడ్లు పెట్టే కోడి ఉన్నట్టుండి లేవలేకపోతే కాల్షియం చూడండి. కుళ్లిన చేపో, పురుగు పట్టిన కళేబరమో తిన్న నాటుకోడి మెడ వాల్చేస్తే అది బొటులిజం అనే విషబాధ. చెరువు గట్ల మీద తిరిగే కోళ్లకు ఇది కొత్త కాదు.

మారెక్స్‌లోనే తాత్కాలిక పక్షవాతం ఒకటుంది. కోడి ఒకటి రెండు రోజులు చచ్చుబడి ఉండి, తనంతట తానే లేస్తుంది. ఆ రెండు రోజుల్లో ఎవరు ఏ పసరు పోస్తే వాళ్లకు పేరొస్తుంది. లేచినవాటిలో కొన్ని తర్వాత కొన్ని వారాలకు అసలు కణితులతో పోతాయి. పేరు మాత్రం అలాగే ఉండిపోతుంది.

కోసి చూడటం

కోయడానికి ముందు ఒక హద్దు. ఒకటి రెండు రోజుల్లో పదులు, వందలు ఉన్నట్టుండి చస్తుంటే, తురాయి నల్లబడుతుంటే, ముఖం వాస్తే కోయొద్దు, ముట్టుకోవద్దు. మండల పశువైద్యాధికారికి చెప్పండి. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు ప్రాంతాల్లో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయిన సంగతి ఎవరూ మర్చిపోలేదు. మారెక్స్ అలా ఊడ్చుకుపోదు, మెల్లగా తింటుంది.

చచ్చి ఆరు గంటలు దాటిన కోడి మన ఎండకు పనికిరాదు. కార్జం ఆకుపచ్చగా మారి ఏదీ తెలియదు. జబ్బు బాగా ముదిరిన కోడి ఒకటి, ఇప్పుడిప్పుడే కుంటుతున్నది ఒకటి, రెంటినీ పశువైద్యుడి చేత తీయించి చూస్తే మంచిది. గ్లౌజులు, మాస్కు వేసుకోండి. సబ్బు నీళ్లతో ఈకలు తడపండి, ధూళి లేవకుండా ఉంటుంది. కోసే చోటు పిల్లల షెడ్డుకు దూరంగా ఉండాలి.

కోడిని వెల్లకిలా పడుకోబెట్టి, తొడకూ పొట్టకూ మధ్య చర్మం కోసి, కాళ్లు రెండూ బయటికి విరిచి తుంటి కీళ్లు ఊడదీయండి. తొడ లోపలి వైపు చర్మం ఒలిస్తే కండలు కనిపిస్తాయి. లోపలి పల్చటి కండను వేలితో పక్కకు నెడితే తొడ పొడవునా దిగే తెల్లటి నరం దొరుకుతుంది. అదే తొడ నరం. ఇక్కడ తొందరపడొద్దు, నిర్ధారణలో సగం ఇక్కడే తేలుతుంది. బాగున్న నరం తెల్లగా మెరుస్తుంది, సన్నగా ఒకే మందంలో ఉంటుంది. ఎండలో కొంచెం అటూఇటూ తిప్పితే కొత్త నైలాన్ తాడుకుండే మెలికల్లా అడ్డగీతలు తళుక్కుమంటాయి. జబ్బు నరానికి ఆ గీతలు పోతాయి. బూడిద రంగో, పసుపు రంగో తిరిగి, నీరు పట్టినట్టు ఉబ్బి, రెండు మూడింతలు లావవుతుంది. ఒక్కోసారి ఒకచోటే ముడిలా ఉబ్బుతుంది. జబ్బు తరచుగా ఒకవైపే ఉంటుంది కాబట్టి రెండు తొడల నరాలూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఒక్క కాలు కోసి ‘బాగానే ఉంది’ అనేయడం అందరూ చేసే పొరపాటు. తొడలో తేడా తెలియకపోతే పొట్ట తెరిచాక మూత్రపిండం మధ్య తమ్మెను మెల్లగా గీకి తీసేయండి. ఆ నరం పుట్టే అల్లిక దాని కిందే ఉంటుంది. మెడలో రక్తనాళం పక్కన దిగే నరాన్ని, రెక్క మొదట్లో ఉండే నరాల అల్లికను కూడా చూడండి.

తర్వాత పొట్ట. కార్జం పెరిగిందా, లేత బూడిద రంగు మచ్చలో గడ్డలో ఉన్నాయా? ప్లీహం ఎంతుంది? కందనకాయకు ముందుండే మెత్తటి జీర్ణాశయాన్ని చీల్చి గోడ మందం చూడండి. మారెక్స్‌లో అది దళసరెక్కుతుంది. గుడ్డుకు రాని పెట్టలో అండాశయం మడతలు మాయమై మాంసం ముద్దలా ఉంటే అనుమానం బలపడుతుంది. ఊపిరితిత్తి నీళ్లలో వేస్తే మునిగేంత గట్టిపడుతుంది. గుండె కండ మీద తెల్ల మచ్చలు కూడా చూడండి. ముసలి నాటుకోళ్ల కార్జంలో, పేగుల మీద పసుపు రంగు గట్టి గడ్డలు ఉంటే అది కణితి కాదు, క్షయ కావచ్చు.

ల్యూకోసిస్‌తో తేడా

లింఫాయిడ్ ల్యూకోసిస్ కూడా కణితి రోగమే, కార్జాన్ని అదీ విపరీతంగా పెంచుతుంది. దానికి కారణం రెట్రోవైరస్, చెడేవి బీ-లింఫోసైట్లు. ఇది తల్లి నుంచి గుడ్డులోకి, గుడ్డు నుంచి పిల్లకు దిగుతుంది. టీకా లేదు. పిల్లల కోసం గుడ్లు పెట్టించే పేరెంట్ మందల్ని పరీక్షించి, వైరస్ ఉన్న పెట్టల్ని ఏరేయడమే మార్గం. అందుకే పిల్ల ఎక్కడిదన్నది దీనిలో ముఖ్యం, పిల్లను ఎలా పెంచామన్నది మారెక్స్‌లో ముఖ్యం.

విడదీయడానికి రెండు చోట్లు చూస్తే చాలు. ల్యూకోసిస్‌లో నరాలు ఉబ్బవు, కాళ్లు పడవు. రెండోది బర్సా, అంటే మలద్వారానికి పైన, వెన్ను వైపు ఉండే చిన్న సంచి. ల్యూకోసిస్‌లో బర్సా లోపల గడ్డలు ఉంటాయి. మారెక్స్‌లో అది ఎక్కువగా కుచించుకుపోతుంది, లేదా గోడంతా ఒకే తీరున దళసరెక్కుతుంది. వయసు కూడా సాయం చేస్తుంది. ల్యూకోసిస్ పద్నాలుగు పదహారు వారాల లోపు సాధారణంగా రాదు. గుడ్డుకొచ్చాక బర్సా తనే కుంచించుకుపోతుంది కాబట్టి ముదురు కోళ్లలో కంటితో తేల్చడం కష్టం. అప్పుడు ముక్కను మైక్రోస్కోపు కిందకి పంపాల్సిందే. అక్కడ మారెక్స్ కణాలు చిన్నా పెద్దా కలగలిసి కనిపిస్తాయి, ల్యూకోసిస్ కణాలన్నీ ఒకే మూసలో ఉంటాయి.

నమూనా పంపడం

మెడికల్ షాపులో దొరికే ఫార్మలిన్ ఒక వంతు, నీళ్లు తొమ్మిది వంతులు కలపండి. వెడల్పు మూతి సీసా తీసుకోండి. సన్న మూతి సీసాలో కుక్కిన ముక్క గట్టిపడ్డాక బయటికి రాదు. కార్జం, ప్లీహం, బర్సా, అండాశయం, జీర్ణాశయం గోడ, రెండు తొడ నరాలు, ఒక్కోటీ అర సెంటీమీటరు మందానికి మించకుండా కోయండి. లావు ముక్కలోకి మందు దిగక లోపల కుళ్లుతుంది. ముక్కలకు పదింతలు ద్రవం ఉండాలి. నరాన్ని చిన్న అట్టముక్క మీద చాచి అంటించి వేస్తే ముడుచుకోదు. ఈ సీసాను ఐస్‌లో పెట్టక్కర్లేదు, ఫ్రీజర్‌లో అసలు పెట్టొద్దు. పీసీఆర్ (వైరస్ జన్యుపదార్థాన్ని పట్టే పరీక్ష) కోసం పంపే ప్లీహం ముక్క, రొమ్ము మీద పీకిన పచ్చి మొదళ్లున్న ఈకలు మాత్రం వేరే కవర్లో, ఐస్ మీద, ఫార్మలిన్ తగలకుండా వెళ్లాలి. కోడి వయసు, టీకా రకం, టీకా తేదీ, మందలో రోజుకెన్ని పోతున్నాయో కాగితం మీద రాసి పెట్టండి. గన్నవరం ఎన్‌టీఆర్ పశువైద్య కళాశాలకో, దగ్గర్లోని పశు రోగ నిర్ధారణ కేంద్రానికో మీ పశువైద్యుడి చీటీతో పంపితే పని త్వరగా అవుతుంది.

పీసీఆర్‌లో వైరస్ దొరికినంత మాత్రాన జబ్బు అదేనని కాదు. పెద్ద కోళ్లలో చాలావాటికి ఆ వైరస్ ఎలాగూ ఉంటుంది, టీకా వైరస్ కూడా ఉంటుంది. కణితి కంటికి కనబడి, కణాలు దానికి సరిపడి, వైరస్ కూడా దొరికితేనే మాట ఖాయం.

కొందరు రక్తం తీసి పట్నం ల్యాబుకు ఇస్తారు. మనుషుల రక్తం లెక్కపెట్టే యంత్రం కోడి రక్తానికి పనికిరాదు. కోడి ఎర్రకణానికి కేంద్రకం ఉంటుంది కాబట్టి యంత్రం దాన్నీ తెల్లకణంగానే లెక్కవేసి, లేని బ్లడ్ క్యాన్సర్‌ను కాగితం మీద పుట్టిస్తుంది.  రెక్క అడుగు సిర నుంచి ఒక్క చుక్క తీసి, స్లైడు మీద పల్చగా లాగి, ఆరాక మిథనాల్‌లో ఐదు నిమిషాలు ముంచి పంపితే చాలు. అయితే చాలా మారెక్స్ కేసుల్లో రక్తం మామూలుగానే కనిపిస్తుంది. నరమూ కార్జమూ చెప్పేదే నమ్మదగ్గ సాక్ష్యం.

టీకా: చెడిపోయే చోట్లు

హ్యాచరీ లేయర్ పిల్లలకు టీకా అక్కడే పడుతుంది. అడగాల్సింది ‘వేశారా’ అని కాదు, ‘ఏది వేశారు’ అని. హెచ్‌వీటీ అంటే టర్కీ కోడి హెర్పిస్ వైరస్. దానితోపాటు ఎస్‌బీ-1 గానీ రిస్పెన్స్ గానీ (ఇవి వేరే టీకా వైరస్‌లు) కలిసి ఉంటే, ఒక్క హెచ్‌వీటీ కంటే గట్టి రక్షణ. పొడి రూపంలో, ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య నిల్వ ఉండేది హెచ్‌వీటీ ఒక్కటే. ఇంటి దగ్గర నాటుకోళ్లు పెంచేవాళ్లకు అందుబాటులో ఉండేది సాధారణంగా ఇదే. తల్లి నుంచి వచ్చిన ప్రతిరక్షకాలు దీన్ని కొంత దెబ్బతీస్తాయి, అయినా ఏమీ లేకపోవడం కంటే చాలా నయం.

గడ్డకట్టించిన టీకాలో వైరస్ బతికున్న కణాల లోపల ఉంటుంది. ద్రవ నత్రజనిలో, మైనస్ 196 డిగ్రీల్లో ఉండే ఆ టీకా ఆంప్యూల్ (మూసిన గాజు గొట్టం) వాడేటప్పుడు చేయి జారకూడని చోట్లు ఇవి. కళ్లద్దాలు, దళసరి గ్లౌజులు తప్పనిసరి, ఆంప్యూల్ పేలవచ్చు. నత్రజని మట్టం తగ్గకుండా క్రమం తప్పక కొలకర్రతో చూడాలి. ఒక్కసారి కరిగి మళ్లీ గడ్డకట్టిన టీకా చూడ్డానికి మామూలుగానే ఉంటుంది, లోపల కణాలు చచ్చి ఉంటాయి. ఒకసారికి ఒక్క ఆంప్యూల్ తీసి 25–27 డిగ్రీల నీళ్లలో తిప్పుతూ కరిగించండి. నిమిషం, నిమిషంన్నర పడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మన ట్యాంకు నీళ్లు 30 దాటి ఉంటాయి, చేతికి చల్లగానే అనిపిస్తాయి. థర్మామీటరు పెట్టి ఐస్ ముక్కలతో సరిచేయాలి. చివరి మంచు పలుకు ఉండగానే తీసి, తుడిచి, విరిచి, సిరంజిలోకి లాగి, కంపెనీ ఇచ్చిన ద్రావణంలోకి నెమ్మదిగా వదలండి. సన్న సూదితో జోరుగా లాగితే కణాలు చితికిపోతాయి, 18 నంబరు సూది వాడండి. సాధారణంగా 1000 డోసులకు 200 మి.లీ. ద్రావణం, పిల్లకు 0.2 మి.లీ. లేబుల్ మీద వేరుగా ఉంటే లేబుల్ మాటే చెల్లుతుంది.

కలిపిన టీకా గంటలో అయిపోవాలి. ఐస్ మీద నేరుగా పెట్టొద్దు, ఎండలో అసలే పెట్టొద్దు. పది నిమిషాలకోసారి మెల్లగా తిప్పండి, ఊపొద్దు. సిరంజి, సూదుల్ని నీళ్లలో ఇరవై నిమిషాలు మరిగించి చల్లార్చాలి. డెట్టాల్, స్పిరిట్ తడి ఒక్క చుక్క మిగిలినా టీకా చస్తుంది. ఆటోమేటిక్ సిరంజి పదిసార్లు నొక్కితే కొలపాత్రలో 2 మి.లీ. రావాలి, రాకపోతే ముందు దాన్ని సరిచేయండి. పిల్ల మెడ వెనక చర్మాన్ని గుడారంలా లేపి, తల వైపు నుంచి వీపు వైపుకు సూది పోనిచ్చి చర్మం కిందే వేయాలి. ఈకలు తడిస్తే మందు బయటే పోయింది. ద్రావణంలో కంపెనీ అనుమతించిన రంగు ఉంటే చర్మం కింద నీలి చుక్క కనబడుతుంది. వంద పిల్లల్ని ఏరి చూస్తే ఎన్నిటికి పడలేదో తెలిసిపోతుంది.

పది ఇరవై పిల్లలున్నవాళ్లకు 1000 డోసుల సీసా బరువే. ఊళ్లో నలుగురైదుగురు కలిసి పెట్టల్ని ఒకే రోజు పొదిగేయండి. పిల్లలు దిగిన రోజున ఒకచోట చేర్చి, ఒకే గంటలో అందరివీ వేయించండి. మిగిలిన మందు రేపటికి దాచుకోవడం కుదరదు. కాళ్లు పడ్డాక పెద్ద కోళ్లకు వేయించడం వల్ల ఒరిగేదేమీ లేదు.

టీకా తర్వాతి రెండు వారాలు

టీకా బలం రావడానికి వారం పైన పడుతుంది. ఆ వారంలో అసలు వైరస్ ముందు చేరితే టీకా వెనకబడుతుంది. తల్లికోడి రెక్కల కింద పిల్లకు మొదటి రోజునే ధూళి అందుతుంది. విలువైన జాతి పిల్లలైతే తల్లి నుంచి వేరుచేసి, కొత్త ఊక పోసిన గదిలో బల్బు కింద పెంచండి. ఫారాల్లో పిల్లల్ని వెచ్చగా పెంచే బ్రూడర్ షెడ్డు పెద్ద కోళ్ల షెడ్డుకు ఎంత దూరముంటే అంత మంచిది. ఆ సీజనులో గాలి ఎటునుంచి వీస్తుందో చూసి, అటువైపు పెద్ద కోళ్లు లేని చోటే పిల్లల్ని దింపండి. పొద్దున్న పని పిల్లలతో మొదలై పెద్ద కోళ్లతో ముగియాలి. పెద్ద షెడ్డులో తిరిగిన చెప్పులు, తలపాగా బ్రూడర్‌లోకి రాకూడదు. కోళ్ల ఎరువు ఎత్తే లారీ పట్టా కట్టకుండా బ్రూడర్ పక్కనుంచి వెళ్లిందంటే ధూళి మీ పిల్లలకే. ఎత్తే రోజును పిల్లలు దిగని వారానికి మార్చుకోండి.

టీకా బాగా పడినా తర్వాత గంబోరో (బర్సాను దెబ్బతీసే వైరస్ జబ్బు) సోకినా, తడిసి బూజు పట్టిన మొక్కజొన్నలోని అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం ఒంట్లో చేరినా రోగనిరోధకశక్తి కుంగి మారెక్స్ పైకొస్తుంది. వర్షాకాలంలో మేత గింజల తేమను చూడకుండా టీకా కంపెనీని తిట్టడం మన వైపు ఎక్కువే.

షెడ్డు ఖాళీ అయ్యాక ఎరువంతా తీసి, దూలాలు, వలలు, ఫ్యాన్ రెక్కల ధూళిని తడిపి దించి, కడిగి, ఆరాక మందు కొట్టండి. కడగని ధూళి మీద కొట్టిన మందు నీళ్లతో సమానం. పొగ పెట్టేది మూసేయగలిగే గదుల్లోనే: 100 ఘనపుటడుగులకు 20 గ్రాముల పొటాషియం పర్మాంగనేట్, 40 మి.లీ. ఫార్మలిన్. మట్టిపాత్రలో పర్మాంగనేట్ ముందు వేసి, ఫార్మలిన్ దాని మీద పోసి వెంటనే బయటపడండి. తిరగేసి చేయొద్దు. పరదాల షెడ్లలో ఈ పొగ నిలవదు, మనిషి ఊపిరితిత్తులకే చేటు.

మారెక్స్ మనిషికి రాదు, గుడ్లు తినొచ్చు. కణితులున్న కోడిని మాత్రం కూరకు వాడొద్దు, అమ్మొద్దు. చచ్చినవాటిని కాలవలో, చేపల చెరువులో వేయడం నేరమే కాదు, రోగం ఊరంతా పంచడం కూడా. లంకల్లో, చెరువు గట్ల దగ్గర మూడడుగులు తవ్వేసరికి నీరూరుతుంది. అక్కడ పూడ్చితే ఆ నీళ్లే బోరులోకి వస్తాయి. ఎత్తైన మెరక మీద సున్నం వేసి పూడ్చండి. మెరక లేకపోతే అడుగు మందాన ఊక, దాని మీద కోళ్లు ఒకే వరుస, పైన కోళ్ల ఎరువు కప్పి కంపోస్టు కుప్ప పెట్టండి. కుక్కలు లాగకుండా చుట్టూ వల కట్టండి. కుప్ప వేడెక్కకపోతే తేమ తగ్గిందేమో చూడండి, తగ్గితే నాలుగు చెంబుల నీళ్లు చల్లి మళ్లీ కప్పేయండి.